చేతులు కట్టుకున్న కెప్టెన్

కెప్టెన్ తేజస్వినికి ఒక జబ్బు ఉంది. డాక్టరుకే జబ్బేమిటంటారా? పక్కవాడు పని చేస్తుంటే చూస్తూ నిలబడలేకపోవడం. నర్సు సూది చేతికి తీసుకుంటే "ఇటివ్వు" అంటుంది. కాంపౌండరు కట్టు కడుతుంటే దాన్ని విప్పి మళ్లీ తనే కడుతుంది. సెలవు మీద ఇంటికొస్తే తల్లి సరోజన ఉల్లిగడ్డ కోస్తున్నా చూడలేక చాకు లాక్కుంటుంది. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే గుండయ్య కూతురు మిలటరీ డాక్టరయిందంటే ఆ చురుకుదనం వల్లేనని గల్లీ అంతా ఒప్పుకుంటుంది. సైన్యం మాత్రం ఒప్పుకోలేదు.

యువ డాక్టర్లకు సైన్యంలో నాయకత్వ శిక్షణ ఒకటి ఉంటుంది. అందులో ఒకరోజు ముప్పై మంది జవాన్లను గాయపడినట్టు పడుకోబెట్టి, "నీ కింద పదిమంది ఉన్నారు, వీళ్లను కాపాడు" అన్నారు. తేజస్విని మొదటివాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చూసేవాళ్లు ముచ్చటపడేలా కట్టు కట్టింది. తలెత్తి చూసేసరికి ఆమె పదిమందీ ఏం చేయాలో తోచక వరసగా నిలబడి ఉన్నారు. వెనక నలుగురి చొక్కాల మీద పరీక్షకుడు సుద్దముక్కతో 'చనిపోయాడు' అని రాసి వెళ్లిపోయాడు. గాయాలు ఉత్తుత్తివే, చావులూ ఉత్తుత్తివే. పోయిన మార్కులు మాత్రం నిజమైనవి.

ఆ శిక్షణలో ప్రతి చిన్న డాక్టరుకూ ఒక పెద్ద డాక్టరును గురువుగా జతచేస్తారు. తేజస్వినికి హన్మకొండలో ఉండే రిటైర్డు కర్నల్ కిషన్ రావు దొరికాడు. పాల ప్యాకెట్ కోసం సందు చివరిదాకా వెళ్లాలన్నా బూట్లకు పాలిష్ పెట్టుకునే మనిషి. ఆయన సరేనని సంతకం పెడితే, మంచుకొండల మీద ఒక వైద్య శిబిరానికి ఆమె అధికారి. కింద ఇరవై మంది సిబ్బంది. పెట్టకపోతే మళ్లీ ఆరునెలలు శిక్షణ, ఆ శిబిరం ఇంకొకరికి. తేజస్వినికి ఆ శిబిరం ఎంత కావాలో చెప్పడం కష్టం. పటంలో ఆ చోటు మీద వేలు పెట్టి పెట్టి కాగితం నల్లబడింది.

"ఆదివారం మీ కొత్తవాడల షుగర్ క్యాంపు పెడదాం" అన్నాడు కర్నల్. "లీడర్‌వు నువ్వే. ఒక్కటే షరతు. క్యాంపు అయిపోయేదాక నీ చెయ్యి ఒక్క పేషంటు మీద పడొద్దు. నాడి చూసుడు, బీపీ చూసుడు ఏం లేదు. పడ్డదనుకో, నా సంతకం ఉండదు."

"మరి నేనేం చెయ్యాలె సర్?"

"లీడర్ ఏం చేస్తడో అది చెయ్యి."

"అదే సర్, ఏం చేస్తడు?"

"అది గూడ నేనే చెప్తే ఇగ లీడర్‌ను నేనైత."

తేజస్విని నాలుగు రోజులు కూర్చుని ప్లాను గీసింది. అరవై ఏళ్లు దాటినవాళ్లకూ, పస్తు ఉండలేనివాళ్లకూ పచ్చకార్డు: మామూలుగా తిని, షుగర్ గోలి వేసుకుని, మధ్యాహ్నం ఒంటిగంటకు రావాలి. మిగతావాళ్లకు పసుపుకార్డు: ఏమీ తినకుండా, గోలి వేసుకోకుండా, పొద్దున ఎనిమిదికి రావాలి. కార్డులు ఇంటింటికీ పంచింది ఆశా వర్కరు పూలమ్మ. పరీక్షలకు దవాఖాన నుంచి హరికృష్ణ అనే హౌస్ సర్జన్ వచ్చాడు. కేసముద్రం పిల్లవాడు, తెలివైనవాడే గాని తన తెలివి మీద తనకే నమ్మకం లేదు. కర్నల్ ప్లాను కాగితాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "మంచిగున్నది" అన్నాడు. ఆయన మంచిగుందన్నాడంటే భయపడాలని ఆమెకు అప్పటికింకా తెలియదు.

ఆదివారం పొద్దున ఎనిమిదికి చేనేత సంఘం హాలు నిండిపోయింది. పసుపుకార్డులవాళ్లు వచ్చారు. పచ్చకార్డులవాళ్లూ వచ్చారు.

"పూలమ్మక్కా, పచ్చకార్డులోళ్లను ఒంటిగంటకు రమ్మన్నం గద?"

"చెప్పిన బిడ్డా. పెద్ద జంపఖానా ఒక్కళ్లు నేస్తరా? ఇద్దరు కూసోవాలె. ఒకళ్లు ఇటొస్తే రెండోళ్లు ఇంటికాడ ఏం చేస్తరు? అందుకే వచ్చిండ్రు."

గుండయ్య కూతురికి ఈ సంగతి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. హాల్లో తండ్రి గుండయ్య పసుపుకార్డు పట్టుకుని ఉన్నాడు. పక్కన పచ్చకార్డుతో కట్టయ్య. ఆ ఇద్దరూ ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుంటున్నారు. వాళ్లకు నూలు కండెలు చుట్టే సరోజన గోడవార బెంచీ మీద, ఆమె చేతిలోనూ పచ్చకార్డే. చిన్నప్పుడు బతుకమ్మలు చూడటానికి తేజస్విని ఎక్కింది ఈ కట్టయ్య కాక భుజాలే.

సరే, వచ్చినవాళ్లను వెళ్లగొట్టలేం కదా. పచ్చకార్డులవాళ్లను ఒక పక్కన కూర్చోబెట్టి పని మొదలుపెట్టారు. తేజస్విని చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. కర్నల్ మూలన ప్లాస్టిక్ కుర్చీలో ఒక నోటుబుక్కు పట్టుకుని, పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా కూర్చున్నాడు.

"మేడం, ఈయన బీపీ జర ఒక్కసారి మీరు చూస్తరా?" అన్నాడు హరికృష్ణ మొదటి పేషంటు దగ్గరే.

ఆమె వేళ్లు వెనకాల ఒకదాన్నొకటి గిల్లుకున్నాయి. "నీకెంత వచ్చింది?"

"నూట యాభై మేడం."

"అయితే నూట యాభై రాయి."

రెండోవాడి దగ్గరా అదే ప్రశ్న, మూడోవాడి దగ్గరా అదే. పదకొండోవాడి దగ్గరికి వచ్చేసరికి హరికృష్ణ అడగడం మానేశాడు. తన గొంతు కొంచెం పెద్దదైందని అతను గమనించలేదు గాని తేజస్విని గమనించింది. పర్వాలేదే, చూస్తూ నిలబడితే ఇలాంటివి కూడా కనపడతాయన్నమాట అనుకుంది. ఆ తృప్తి పదిన్నర దాకా ఉంది.

పదిన్నరకు కట్టయ్య కుర్చీలోంచి జారి నేల మీద పడ్డాడు.

ఒళ్లంతా చెమట. పిలిస్తే మూలుగుతున్నాడు తప్ప పలకడం లేదు. హరికృష్ణ పరుగున వచ్చి వేలు గుచ్చి చూశాడు. షుగర్ ముప్పై ఎనిమిది. అంటే బాగా పడిపోయిందన్నమాట. నోట్లో ఏమైనా పోస్తే గొంతుకు అడ్డం పడుతుంది. నరంలోకి గ్లూకోజు ఎక్కించాల్సిందే. హరికృష్ణ సూది గుచ్చాడు. ముసలి నరం పక్కకు జారిపోయింది. అతను తేజస్విని వైపు చూశాడు.

తేజస్విని సంతకం మరిచిపోయింది, మంచుకొండలు మరిచిపోయింది. కాకను నేల మీద వదిలేసి చూస్తూ నిలబడే ఉద్యోగం నాకెందుకు అనుకుంది. ఒక అడుగు ముందుకు వేసి, మోకాళ్లు వంచబోయింది. అంతలో ఒక అనుమానం వచ్చింది: కాకకు చక్కెర అసలెందుకు పడిపోయినట్టు? తిని రమ్మన్న కార్డు కదా ఆయనది?

వంగబోయేది ఆగి తలెత్తింది.

"పూలమ్మక్కా, పచ్చకార్డులోళ్లు తిన్నరా?"

"ఎవ్వలు తినలే బిడ్డా. ఒక మగ్గమోళ్లల్ల ఒకళ్లు పస్తుంటే ఇంకోళ్లు కడుపునిండ ఎట్ల తింటరు? మీ ఇంట్ల తింటరా?"

తినరు. పుట్టినప్పటి నుంచీ చూసింది. మగ్గం దిగి ముగ్గురూ ఒకేసారి గిన్నె మూత తీస్తారు. ఒకరు తినకుంటే మిగతా ఇద్దరూ తినరు.

"గోలి?"

"గోలి ఏసుకున్నరు. డాక్టరమ్మ ఏసుకోమన్నది గదా అని ఒక్కళ్లు తప్పకుంట ఏసుకున్నరు."

ఖాళీ కడుపు మీద షుగర్ గోలి. ఒక్క కట్టయ్య కాదు, పచ్చకార్డు పట్టుకున్న ఇరవై రెండు మంది. తేజస్విని హాలంతా కలియచూసింది. అందరూ లేచి పడిపోయినవాడి చుట్టూ మూగుతున్నారు, ఒక్క మనిషి తప్ప. గోడవార బెంచీ మీద సరోజన కదలకుండా కూర్చుని ఉంది. కొంగుతో మొహం తుడుచుకుంటోంది, మళ్లీ తుడుచుకుంటోంది. చేతిలో కార్డు అల్లాడుతోంది. పిలవడం లేదు, ఏమీ అడగడం లేదు. బిడ్డ పనిలో ఉందని ఊరుకుంది.

అదే క్షణాన మూల నుంచి కుర్చీ కిందపడ్డ చప్పుడైంది. కర్నల్ కిషన్ రావు చొక్కా చేతులు మడుస్తూ దూసుకొచ్చి మోకాళ్ల మీద కూలబడి, "నువ్వు జరుగు పిలగా, నేను చూస్తా" అంటూ హరికృష్ణను పక్కకు తోస్తున్నాడు.

"సర్, లేవండి."

కర్నల్ తల తిప్పి చూశాడు. అలాంటి గొంతు ఆయన విని పదిహేనేళ్లయి ఉంటుంది.

"ఇది నా క్యాంపు. నరం హరికృష్ణ చూస్తడు. మీరు టీ కాడికి పోయి చక్కెర డబ్బా తీసుకోండి. పచ్చకార్డు ఉన్నోళ్లందరికి చక్కెర నీళ్లు, బిస్కెట్లు. బెంచీ మీద మా అమ్మ ఉంది, మొదలు ఆమెకు. ఆగకండి సర్."

కెప్టెన్ కర్నల్‌కు ఆర్డరు వేయడం ఏ సైన్యంలోనూ జరగదు, కొత్తవాడలో జరిగింది. ఆయన లేచి చక్కెర డబ్బా వైపు పరుగెత్తాడు. పాలిష్ బూట్లు టకటకలాడాయి.

తండ్రి వైపు తిరిగి, "బాపూ, నువ్వు పసుపుకార్డోళ్లను బయట నీడకు తీస్కపో. పూలమ్మక్కా, తలుపులు తెరువు, గాలి రానియ్యి." తర్వాత గొంతు తగ్గించి, "హరికృష్ణా, ఫికర్ లేదు. మోచేతి కాడి నరం వదిలెయ్యి, మణికట్టు పక్కది చూడు. వేలుతోని జారకుంట పట్టుకో. ఇప్పుడు నిదానంగ" అంది. అతను ఇంకోసారి తప్పితే మాత్రం తానే గుచ్చుతానని, కొండలు గిండలు ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చని లోపల నిర్ణయించేసుకుంది.

హరికృష్ణ తప్పలేదు. సూదిలో ఎర్రటి బొట్టు కనపడింది. గ్లూకోజు ఎక్కింది. మూడు నిమిషాలకు కట్టయ్య కళ్లు తెరిచి, "గీ హాల్ల ఫ్యాన్లెందుకు బందు వెట్టిండ్రు" అని మొదటి ఫిర్యాదు చేశాడు.

అటు వైపు కర్నల్ మోకాళ్ల మీద కూర్చుని సరోజన చేత గ్లాసు తాగిస్తున్నాడు. ఆమె షుగర్ నలభై తొమ్మిది ఉంది, గ్లాసు ఖాళీ అయ్యాక పెరిగింది. ఇంకో ఇద్దరికీ అంచు దాకా వచ్చి ఆగింది. ఆ తర్వాత రిటైర్డు కర్నల్ ఒక్కొక్కరి దగ్గరా నిలబడి బిస్కెట్లు తినిపించాడు. "రెండోది గూడ తినాలె, ఆర్డరు" అంటుంటే ముసలమ్మలు నవ్వారు.

తర్వాత గుండయ్య మనుషులను పంపి ఉప్మా తెప్పించాడు. రక్తం ఇచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు, పచ్చ, పసుపు, అందరూ మగ్గం మగ్గంగా కూర్చుని ఒకేసారి తిన్నారు. క్యాంపు సాయంత్రం నాలుగింటికి ముగిసింది. నూట పదిమందిని చూసింది హరికృష్ణే. తేజస్విని వేలు ఒక్కరినీ తాకలేదు.

"ప్లాను నాది సర్. తప్పు నాది" అంది కర్నల్‌తో. "మా ఇంటి రివాజు నేనే మరిచిన. ఆ సంగతి రిపోర్టుల రాయండి."

"రాస్తా" అన్నాడు ఆయన. నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నా మొదటి పోస్టింగుల ఒక పిలగాన్ని కాపాడిన. కాలు తెగింది. గంటసేపు తల ఎత్తలే. నాకు మెడల్ ఇచ్చిండ్రు. నా వెనక గోడకు ఒరిగి ఇంకో పిలగాడు సప్పుడు జేయకుంట కూసున్నడు. వానికి కడుపుల దెబ్బ. నేను తిరిగి చూసేవరకు అయిపోయింది. అప్పటిసంది ప్రతి కోర్సుల ఇదే చెప్తాన, తల ఎత్తండి, తల ఎత్తండి అని. ఇయ్యాల మల్ల నేనే ఉరికొచ్చి మోకాళ్ల మీద కూలబడ్డ. నువ్వు లేవమనకపోతే మీ అమ్మను నేను చూడకపోదును."

ఆయన సంతకం పెట్టి కాగితం చేతిలో పెట్టాడు. కింద ఒక వాక్యం అదనంగా రాశాడు: 'నాకు ఆర్డరు ఇచ్చింది, నేను పాటించాను, అది సరైన ఆర్డరు.'

ఆమె ఆ కాగితంతో బయటికి వచ్చింది. అరుగు మీద గుండయ్య, సరోజన, కట్టయ్య కూర్చుని ఉన్నారు. బిడ్డ మొహం చూసి పని అయిందని తల్లికీ తండ్రికీ అర్థమైంది, వాళ్లు నవ్వారు. కట్టయ్య నవ్వలేదు.

"కండ్లు తెరిచేసరికి నువ్వు చేతులు ఎనుకకు కట్టుకోని నిలబడ్డవు బిడ్డా, పోలీసోని లెక్క" అన్నాడు. "ఎవలో పిలగాడు సూది గుచ్చుతాండు. నువ్వు నా చెయ్యన్న పట్టుకోలే. నేను నీకు గంత కానోన్ని అయిననా?"

తేజస్వినికి పొద్దుటి నుంచీ ఎంత ఇరకాటంలోనూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

"నీ చెయ్యి పట్టుకుంటే నిన్నే చూసుకుంట కూసుందును కాకా. అమ్మను చూడకపోదును."

కట్టయ్య సరోజన వైపు తిరిగాడు. అప్పటిదాకా ఆ సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు.

"నువ్వు గూడ పడిపోయినవా సరోజనా?"

"పడలే అన్నా. పడకముందే బిడ్డ చూసింది."

కట్టయ్య తేజస్వినిని పక్కన కూర్చోమని అరుగు మీద చోటిచ్చి, ఆమె తల మీద చేయి వేసి, "నన్ను ఇడిసిపెట్టి మంచి పని జేసినవు బిడ్డా" అన్నాడు.