దడికి అవతలి మనిషి

నాకు అన్నింటికన్నా పెద్ద భయం, మా షారోను కాలువలో పడిపోతుందని. ఇది దాచుకునే సంగతేం కాదు. ఆ పిల్ల నడకకన్నా ముందు పరుగు నేర్చింది. అప్పటినుంచి కూర తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా నా చెవి నీళ్ల మీదే ఉండేది.

రేపల్లెలో మా పెరడు పక్కనే శేషారత్నం అత్త పెరడు. చుట్టరికమేం లేదు, పెద్దావిడ కాబట్టి అత్తా అని పిలిచేదాన్ని. ఆమె పెరటి చివర కాలువలోకి దిగే మెట్లు. రెండు పెరళ్లకూ మధ్య అడ్డమంటూ ఏమీ లేదు.

మా ఆయన జీవన్‌ది తెనాలిలో మెకానిక్ షెడ్డులో పని. పొద్దున రైలుకు పోతే చీకటిపడ్డాకే ఇల్లు చేరతాడు. నా పోరు పడలేక ఒక ఆదివారం మనుషుల్ని పెట్టి గోడకు పునాది తీయించాడు. ఎవర్నీ అడగాలని మాకు తోచలేదు. మన ఇంటికి మనం కట్టుకునే గోడే కదా అనుకున్నాం.

మంగళవారం మా వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ సెక్రటరీ రవిశంకర్ గారు వచ్చారు.

"పని ఆపండమ్మా. అనుమతి తీసుకున్నారా?"

"గోడేగా సార్. పిల్ల కోసం."

"గోడకైనా తీసుకోవాలండి. అందులోనూ కాలువ గట్టు పక్కన. సర్వేయరు వచ్చి హద్దు తేల్చాలి, ప్లాను గీయించి పెట్టాలి."

"ఆయన ఎప్పుడొస్తారండి?"

"వస్తారమ్మా" అన్నారాయన, ఎప్పుడో ఆయనకూ తెలియనట్టు.

వసారాలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్న శేషారత్నం అత్త తలెత్తకుండానే అంది. "నేనే చెప్పా ఆయనకి. నా వైపు జానెడు తవ్వారు. చెప్పకపోతే ఎట్టా?"

ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు. పాత చీర చింపి షారోను నడుముకు కట్టి, రెండో కొస మంచం కోడుకు ముడేశాను. అది ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. చివరికి పిల్లను చంకనేసుకుని సచివాలయానికి వెళ్లాను. ప్లాను ఇలా ఉండాలని రవిశంకర్ గారు ఒక కాగితం చూపించారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాకు ఆ గీతల్లో మా ఇల్లు ఎక్కడుందో కనిపించలేదు.

"అప్పటిదాకా పిల్లనేం చేసుకోమంటారు సార్?"

ఆయన షారోను వైపు చూశారు. "తాటాకు దడి కట్టుకోండమ్మా. దానికి పునాది ఉండదు, నేను అడ్డు చెప్పను."

దడి అన్న మాట విని ఎన్నేళ్లయిందో. ఇంటికి నడిచినంతసేపూ నేను బాపట్లలోనే ఉన్నాను.

అక్కడ మా అమ్మమ్మ కొండమ్మ ఏటా క్రిస్మస్ ముందు దడి కట్టించేది. తాటాకులు రెండు వెదురు బద్దల మధ్య పేర్చి, నానబెట్టిన నారతో కుట్టాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇటు మనిషి దబ్బనం పొడిస్తే అటు మనిషి నార లాగి, మళ్లీ ఇటు పొడవాలి. అటు మనిషి పక్కింటి పున్నయ్య తాత. మా కోళ్లు వాళ్ల తోటకూర గీకాయని ఏడాదంతా అమ్మమ్మతో ఎడమొహం పెడమొహం. దడి రోజున మాత్రం "పొడువు", "లాగు"తో మొదలయ్యేది. సగం దడి అయ్యేసరికి ఆయన భార్య దగ్గు సంగతి, అమ్మమ్మ మోకాళ్ల సంగతి. తడి నార వాసన, పచ్చి వెదురు వాసన, మధ్యలో ఆ రెండు గొంతులు. నేను ఆకులు అందించేదాన్ని. "మొహం కనపడదు గదే, అందుకే మాట వచ్చుద్ది" అనేది అమ్మమ్మ.

మరుసటి ఆదివారం చర్చి నుంచి రాగానే జీవన్ పునాది పూడ్చి, జానెడు ఇవతలకు జరిపి రాటలు పాతాడు. సోమవారం పొద్దున్నే పనికి పోయాడు. ఇంకో ఆదివారం దాకా నేను ఆగలేకపోయాను, ఒక్కదాన్నే మొదలుపెట్టాను. దబ్బనం పొడిచి, చుట్టూ తిరిగి అవతలికి పోయి లాగి, మళ్లీ పొడిచి, మళ్లీ ఇవతలికి పరుగు.

"ఏంటే, ప్రదక్షిణాలు చేస్తున్నావా? మీ మతంలో కూడా ఉన్నాయా?" వసారాలోంచి శేషారత్నం అత్త.

"మీరు నాతో మాట్లాడటం లేదుగా అత్తా."

"నీతో ఎవరు మాట్లాడారు? దడితో మాట్లాడుతున్నా." గొంతు దడి అవతలికి వచ్చేసింది. "ఊఁ, పొడువు."

పొడిచాను. అటునుంచి నార బిగిసింది. కాసేపయ్యాక అడిగాను. "గోడ ఎందుకు వద్దన్నారత్తా?"

"వద్దన్నానా? నా జానెడు నాకుంచమన్నా. అయినా గోడ లేచాక నీ పిల్ల నాకెట్టా కనపడుద్ది? నువ్వు లోపల పోపు పెట్టుకుంటుంటే రోజూ దాన్ని చూసేదెవరనుకున్నావు?"

దబ్బనం పొడిచాను. అవతల ఎవరూ అందుకోలేదు.

"అత్తా."

పలకలేదు. వెనక్కి తిరిగి చూస్తే, షారోనును కూర్చోబెట్టిన చాప మీద మరచెంబు ఒక్కటే ఉంది. ఇంకా ఆకు కట్టని చివరకు పరిగెత్తాను.

శేషారత్నం అత్త మెట్ల మీద చతికిలబడి ఉంది. ఒక కాలు నీళ్లలో ఉంది, మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. షారోను గౌను ఆమె పిడికిట్లో ఉంది. పిల్ల నీళ్లను చూసి నవ్వుతోంది.

"దీన్ని పట్టుకో ముందు. ఏడుపు తర్వాత" అంది.

ఆ సాయంత్రానికి దడి చివరి దాకా కట్టాం. కుంటుతూనే అటువైపు నిలబడి లాగింది.

వానలు వెళ్లాక మేం తెనాలి వచ్చేశాం. రెండో అంతస్తు, వరండాకు గ్రిల్లు. ఇక్కడికి నీళ్ల చప్పుడు వినపడదు, షారోను గురించి ఆ భయం పోయింది. కానీ అత్త మోకాలు ఆనాటి నుంచి సరిగ్గా వంగడం లేదు. అయినా గిన్నెలు కడగడానికి ఆ మెట్లే దిగుతుంది, కుళాయి నీళ్లకు జిడ్డు పోదంటుంది. మొన్నటిదాకా ఫోన్ చేస్తే, "మాట సరిగా వినపడట్లేదే, పెట్టేయ్" అని తిట్టేది. ఈ వారం అసలు ఎత్తడం లేదు. జీవన్‌కు సెలవు దొరకలేదు, పిల్లకు జ్వరం, నేను కదలలేకపోతున్నాను.

మీలో ఎవరైనా రేపల్లె వైపు వెళ్తుంటే, కాలువ గట్టు వీధిలో శేషారత్నం గారి ఇల్లు ఎక్కడని అడగండి. వసారాలో లేకపోతే మెట్ల దాకా వెళ్లి, ఎలా ఉందో ఒక్కసారి చూడండి.