కోర్టు చుట్టూ పరంజా

అయినా అంత పెద్ద కోర్టుకు వేసిన పరంజాను గోడకు ఎక్కడ బిగించి ఉంటారు? రాయి తొలిచారా, కిటికీల్లోంచి గొట్టాలు దూర్చారా? సైటు క్యాబిన్‌లో టీ గ్లాసు పట్టుకుని యిర్మీయా మళ్లీ ఆ ఫొటో ముందే ఆగిపోయాడు. బ్రస్సెల్స్ నడిబొడ్డు. కింద పాత చౌకు, సన్నటి గోపురమున్న టౌన్‌హాలు, జంట బురుజుల చర్చి. వాటన్నిటికీ పైన, గుట్ట మీద కోర్టు. ఇంజనీరు హేమసుందర్ అక్కడ చదివినప్పుడు తీసిన ఫొటో. పరంజా వేసి ముప్పై ఏళ్లు దాటిందట, ఇప్పుడు దానికే మరమ్మతు కావాలట. హేమసుందర్ అది నవ్వుతూ చెప్పాడు కానీ యిర్మీయాకు అసూయ కలిగింది. ఇరవై రెండేళ్లుగా సౌదీలో, రాస్ తనూరా నుంచి ఈ జెద్దా దాకా, తాను కట్టిన ప్రతి పరంజానూ తానే విప్పాడు. ఎక్కడా ఒక్క గొట్టం మిగల్లేదు.

"ఏంటి మేస్త్రీ, ఇవాళ కూడా కోర్టుకేనా? వాయిదా పడలేదా?"

"తీర్పులు చెప్పేవాళ్లు రోజూ దాని కిందనించే ఎల్తారు కదండీ. దానికి సంతకం ఎవరు పెట్టారో అని."

పరంజా ఎక్కొచ్చని రాసిచ్చే ఆకుపచ్చ ట్యాగును హేమసుందర్ బల్ల మీదుగా తోశాడు. "ముందు మీ సంతకం పెట్టండి. నాలుగింటికి మునిసిపాలిటీ వాళ్లొచ్చి పైకెక్కుతారు. ఈ పాత ఇంటి మరమ్మతు అయిందని అప్పగిస్తే, మన కఫీల్, అదే యజమాని, సౌదీ వాళ్లను చాలినంత మందిని పెట్టుకుని కంపెనీని సర్కారు రెడ్ లిస్టులోంచి బయటికి తెస్తానన్నాడు. లెవీ కట్టి మొదట మీ అకామానే రెన్యూ చేయిస్తాడు. లేదంటే మీకు తెలుసుగా."

తెలుసు. అకామా, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, గడువు తీరి మూడు నెలలు. అప్పటినుంచి పాత జెద్దాలోని బలద్ సందుల్లో గోడవారగానే నడుస్తున్నాడు. పోలీసు బండి కనిపిస్తే జేబులోని కార్డు రాయిలా బరువెక్కుతుంది.

పగడపు రాళ్ల పాత ఇల్లు అది. తొలిస్తే గోడ పొడిగా రాలుతుంది. అందుకే కిటికీల్లో అడ్డంగా గొట్టాలు బిగించి పరంజాను వాటికి కట్టాడు. మూడో అంతస్తు దగ్గర నిలువు గొట్టానికి అరచెయ్యి ఆన్చాడు. సన్నగా ఊగుతోంది. పక్క కిటికీలో తను బిగించిన అడ్డగొట్టం లేదు.

"క్యా డాక్టర్ సాబ్, బుఖార్ హై క్యా?" వడ్రంగి దిలావర్ నవ్వాడు. కిటికీల్లో కొత్తగా బిగించిన చెక్క జాలీని తుడుస్తున్నాడు.

"మేరా పైప్ కిధర్ హై?"

"జాలీ ఆయీ, పైప్ గయా. ఏక్ ఘంటే కీ బాత్ హై, భాయ్!"

గంట సేపే. పదిమంది ఎక్కుతారు, ఫొటోలు దిగుతారు, దిగిపోతారు. ఏమీ కాకపోవచ్చు. కట్లు మళ్లీ వెయ్యాలంటే జాలీలు విప్పాలి, రెండు రోజుల పని.

ఒకసారి, ఒక పాత సైటులో, ఎక్కి చూడకుండానే అతను ఆకుపచ్చ ట్యాగు రాశాడు. ఏమీ జరగలేదు. జరిగి ఉంటే ఏదో శిక్ష పడి ఆ సంగతి అక్కడితో తీరిపోయేది. జరగలేదు కాబట్టి ఆ రోజు దాన్ని ఎక్కిన మనుషులు అతని తలలో ఇంకా ఎక్కుతూనే ఉన్నారు.

రాజోలు నుంచి భార్య లీల ఫోన్ చేసింది.

"అకామా వచ్చిందా?"

"ఇవాళ తేలిపోద్ది."

"ఏం తేలుద్దో ఏమో. నువ్వు అన్నం తిన్నావా?"

"తింటాను" అన్నాడు. ఫోను పెట్టేశాక కూడా ఆ మాటే రెండుసార్లు అన్నాడు.

మూడున్నరకు నిచ్చెన మొదట్లో కూర్చుని, ఎవరూ ఎక్కకూడదని చెప్పే ఎర్ర ట్యాగు మోకాలి మీద పెట్టుకున్నాడు. కారణం: మూడో అంతస్తు కట్లు లేవు. తర్వాతి గడిలో అకామా నంబరు. పెన్ను ఆగింది. గడువు తీరిన నంబరునే స్పష్టంగా వేసి, కింద సంతకం చేశాడు.

"మేస్త్రీ!" హేమసుందర్ పరుగున వచ్చాడు. చదివి, చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "ఇక మీకు ఎగ్జిటేనండీ, దేశం దాటించేస్తారు."

"అవునండి."

బైండింగ్ వైరుతో ట్యాగును మొదటి మెట్టుకు రెండు చుట్లు తిప్పి బిగించాడు. హెల్మెట్ తీసి ఆయన చేతికిచ్చి, సందు మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లాడు.

అతను విప్పకుండా వదిలిన మొదటి పరంజా అది. దాని నిచ్చెనకు ఎర్ర ట్యాగు వేలాడుతోంది. సముద్రపు గాలికి అటూ ఇటూ తిరుగుతున్నా వైరు మాత్రం వదులవలేదు.