తిన్నవా అని అడిగిన రోజు

"తిన్నవా అండాలూ?" అని మా ఆయన అడిగినప్పుడు నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. ఆ మాట నన్నేనా అని వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ తప్ప ఏమీ లేదు. పెళ్లయి పోచంపల్లికి వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో నన్ను "ఏమే" అనీ "ఓ పిల్లా" అనీ పిలిచారే గాని, నాకొక పేరుందని ఎవరికీ గుర్తు రాలేదు. ఇక నేను తిన్నానా లేదా అన్నది ఎవరికి పట్టింది? ఆయన తిని లేచాక, అత్తమ్మ తిన్నాక, ఆయన కంచంలోనే అడుగూ బొడుగూ జొన్న గటక వేసుకుని తినడం నా వంతు. మిగలని రోజు అంబలి తాగి పడుకునేదాన్ని. అలాంటిది, ఆయన నోట ఆ మాట వినగానే సంతోషపడాల్సింది పోయి నాకు భయం వేసింది.

ఎందుకంటే ఈ మనిషి నాకు కొత్త కాదు. చీర మీద పువ్వు బాగా లేచిందంటే ఊరంతా మా ఆయన భిక్షపతి పేరే చెబుతుంది. మేకుల చుట్టూ నూలు తిప్పి ఆసు పోసేది నేను, రంగు అంటకూడని చోటల్లా నూలుకు బిగించి చిటికీ కట్టేది నేను, రంగులో ముంచి ఆరేసి ఒక్కొక్క కట్టూ విప్పేది నేను. గోళ్లలో ఎక్కిన ఎర్రరంగు నా పెళ్లి పారాణి కంటే ఎక్కువ కాలం ఉంది. "మగ్గమెక్కేది మొగోడు. ఆడోళ్లదేముంది, కూసోని దారాలు కట్టుడే గద" అని మా అత్త ఉప్పలమ్మ ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. ఒకసారి మెడ పట్టేసి తల తిప్పలేకపోతే దవాఖానకు తీసుకుపొమ్మన్నాను. "దారాలు కడితెనే మెడ నొస్తదా?" అని ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఆ ఎండాకాలం ఊరు ఊరులా లేదు. ఢిల్లీ ఫౌజు వస్తుందని కొందరు, రానే రాదని కొందరు. నిజాము మీద, దొరల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగే పిల్లల కోసం రజాకార్లూ పోలీసులూ ఇళ్ల మీద పడుతున్నారు, దొరికినవాణ్ణి దొరికినట్టు కాల్చేస్తున్నారు. నా తమ్ముడు ఎల్లస్వామి ఆ సంఘంలోనే ఉన్నాడు. నిన్న మొన్నటిదాకా వాడి పేరెత్తితే "గా తిరుగుబోతు ముచ్చట నా ఇంట్ల తియ్యకు" అని మండిపడిన మా ఆయన, ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. "పాపం, పిలగాడు ఏం తింటుండో, యాడ పంటుండో. జర జాడ తెలిస్తే ఇన్ని రొట్టెలన్న పంపుదుము" అన్నాడు. అత్తమ్మ కూడా "మన పిలగాడే గద" అంది. ఆమె నోట్లో మా తమ్ముడు మన పిలగాడు ఎప్పుడయ్యాడో నాకు అర్థం కాలేదు.

ఇంకొకటి. ఊళ్లో నూలు దొరకక మగ్గాలు మూలపడ్డాయి. పక్కింటి భీమయ్య మగ్గం గుంతలో కోడి పొదుగుతోంది. మా ఇంట్లో మాత్రం నూలు కట్టలు దిగాయి. యాడికెల్లి వచ్చినయని అడిగితే, "పోలీసు పటేలు ఇప్పించిండు, మంచి మనిషి" అన్నాడు. రజాకార్లకు ఇళ్లు చూపించే పటేలు మంచి మనిషని నేను వినడం అదే మొదలు.

తమ్ముడెక్కడున్నాడో నాకు తెలుసు. బజారుకు కట్టెలమోపు తెచ్చే సైదమ్మ నా చిన్ననాటి జతగత్తె. పక్క ఊరి చివర వాళ్ల గుడిసెలో, ఆమె మొగుడు ఏసోబు వాణ్ణి దాచాడు. ఏసోబు ఇంటి కుండ నీళ్లు ముట్టుకుంటేనే స్నానం చేసే జాతి మాది. అక్కడ మా కులపు పిల్లవాడు కడుపు నిండా తిని పడుకుంటాడని మా వాళ్ల ఊహకు కూడా రాదు. ఆ పాడు పట్టింపే నా తమ్ముడికి కాపలా అయింది.

అయినా ఒక పూట నేను కరిగిపోయాను. ఆయన తన కంచంలోని రొట్టె తుంచి నా చేతిలో పెట్టాడు. "నువ్వు గిట్ల సిక్కిపోతే ఎట్లనే" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఛీ, కట్టుకున్నవాణ్ణి అనుమానిస్తున్నానేమిటి అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ రొట్టె ముక్క నిజమైనదని నమ్మాలని నాకెంత ఆశగా ఉండిందో! ఏసోబు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఆయన, "ఇంతకు యాడున్నడంటవ్?" అన్నాడు. రొట్టె ఇంకా నమలనైనా లేదు నేను.

మా పనిలో ఒక పద్ధతుంది. రంగు కట్టు లోపలికి ఎక్కిందేమోనని అనుమానం వస్తే నూలంతా విప్పం. ఒక మూల ఒక్క కట్టు విప్పి చూస్తాం. నేనూ అదే చేశాను.

"గబ్బిలాల గుట్ట మీద, గుహల ఉన్నడట" అన్నాను, తల వంచుకుని.

ఆ గుట్ట మీద నీటి చుక్క లేదు. చిన్నప్పుడు సైదమ్మా నేనూ కట్టెలకు పోయి నాలుక పిడచకట్టి దిగి వచ్చాం. మనిషన్నవాడు ఎండాకాలంలో అక్కడ ఒక్క పూట ఉండలేడు. బిందె మోసిన ఆడది ఎవరైనా, "గుట్ట మీద నీళ్లెట్లనే?" అని మొట్టమొదట అదే అడిగేది. మా ఆయన అడగలేదు. ఆయనకు పుట్టినప్పటి నుంచీ నీళ్లు చెంబులోనే పుడతాయి. అంగీ తొడుక్కుని, "జర పనున్నది, వస్త" అని బయటికి నడిచాడు. ఆ రోజంతా నేను దేవుళ్లందరికీ మొక్కాను, ఏమీ జరగకూడదని. నా అనుమానం తప్పయితే ఆయన కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకునేదాన్ని.

మరునాడు పొద్దెక్కాక సైదమ్మ వచ్చి మోపు దించింది. పమిటతో మొహం తుడుచుకుంటూ నవ్వుతోంది.

"విన్నవా అండాలూ? పొద్దుగాల్నే పోలీసోళ్లు, రజాకార్లు గబ్బిలాల గుట్టెక్కిండ్రట! గాడ పురుగు గూడ లేదు. ఒకడు సొమ్మసిల్లి పడ్డడట. దిగొచ్చి మా బాయికాడ ఎడ్ల లెక్క తాగిండ్రు."

నాకు నవ్వు రాలేదు. గుట్ట మాట నేను చెప్పింది మా ఆయనకొక్కడికే. నా మొహం చూసి సైదమ్మ నవ్వు ఆపేసింది. "ఏమైందే?" అంది.

"ఎల్లస్వామిని ఇయ్యాల్నే మీ ఇంట్లకెల్లి పంపు. యాడికి పోయిండో నాకు గూడ చెప్పకు."

ఆమె ఒక్క క్షణం నా వైపే చూసింది. మా ఇంటి గడప వైపు చూసింది. మోపు అక్కడే వదిలేసి వెనక్కి తిరిగింది.

నేను ఆ కట్టెలతోనే పొయ్యి ముట్టించాను. జొన్నపిండి పిసికి రొట్టెలు కాల్చాను. నడింట్లో పీట వేసుకుని, ఆయన కంచంలో పెట్టుకుని, ఎండుమిర్చి తొక్కుతో కడుపు నిండా తిన్నాను. వేడి రొట్టె రుచి ఎట్లా ఉంటుందో ఇన్నాళ్లూ మర్చిపోయి ఉన్నాను, అది తలుచుకుని కోపం వచ్చింది. అత్తమ్మ వాకిట్లోంచి వచ్చి నోరు తెరిచింది. "ఇదేం పొయ్యేకాలమే! మొగోడు తినకముందే..." అంది. నేను ఇంకో ముక్క తుంచాను.

అంతలోనే ఆయన వచ్చాడు. చెమటతో అంగీ ఒంటికి అతుక్కుపోయింది. పటేలు బాగానే చీవాట్లు పెట్టినట్టున్నాడు, మొహం నల్లబడింది. నన్ను కొరికి తినేటట్టు చూశాడు. కాని ఏమని అడుగుతాడు? గుట్ట మీద నా తమ్ముడు లేడని తనకెట్లా తెలిసిందో ముందు చెప్పాలి కదా. ఆ మాట పైకి రాదు, మింగుడూ పడదు. అత్తమ్మా నేనూ చూస్తుండగా గుటకలు మింగి, మింగి, చివరికి ఈ మధ్య నేర్చిన మాటే అన్నాడు.

"తిన్నవా?"

ఖాళీ కంచం ఆయన ముందుకు జరిపాను.

"తిన్న. నీకు దూపైతున్నట్టుంది. కుండల నీళ్లున్నయ్, లేచి ముంచుకో."