బంద్ ఒక్కరోజే

నా పెళ్లాం ఓబులమ్మను బంద్ చంపిందని హైదరాబాద్ కొండాపూర్‌లో మా వాళ్లందరికీ తెలుసు. చెప్పింది నేనే.

2011లో అక్కడ మాకు మెస్సు ఉండేది. అనంతపురం జిల్లా నుంచి వచ్చి పెట్టుకున్నాం. సాఫ్ట్‌వేర్ పిల్లలు ముప్పై మంది తినేవాళ్లు. వంటంతా ఆమెదే. నేను కూరగాయలు తెచ్చేవాణ్ని, అరిచేవాణ్ని.

సోమవారం పొద్దున బొడ్డు చుట్టూ నొప్పి అంది. వాము నమిలి వంట చెయ్యమన్నాను. చేసింది. మంగళవారానికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. రెండుసార్లు వాంతి అయింది. వంగి నడుస్తూనే సాంబారు దించింది.

పక్కింటి సీతాబాయి చూసింది. ఆమెది కొండాపూరే. ఓబులమ్మ పొట్ట మీద మెల్లగా నొక్కి చెయ్యి తీసింది. తీసినప్పుడు ఓబులమ్మ కేక పెట్టింది.

"అన్నా, గిది గ్యాస్ కాదు. జర ఇప్పుడే దవాఖానకు తీస్కపో. మా చెల్లెకు గిట్లనే అయితే ఆపరేషన్ చేసిండ్రు."

"నువ్వెప్పుడు డాక్టరమ్మవైనావు? మా ఊర్లో ఇట్లాంటివి ఆముదంతోనే పోతాయి," అన్నాను.

"మీ ఊర్ల దవాఖాన లేదు గనక ఆముదం. ఈడ సందుకొకటున్నది."

నాకు ముప్పై మంది రాత్రి భోజనం గుర్తొచ్చింది. ఆముదం తాగించాను.

సాయంత్రం "నొప్పి పొయ్యిందయ్యా" అంది. ముఖం తేటపడింది. నేను గోడ మీంచి సీతాబాయిని పిలిచి, "ఆపరేషన్ అయిపోయిందమ్మో, ఆముదమే చేసింది," అని వెక్కిరించాను.

బుధవారం పొద్దున పొట్ట పలకలా గట్టిపడింది. ఒళ్లు కాలిపోతోంది. ఆ రోజు తెలంగాణ బంద్. ఒక ఆటోవాణ్ని బతిమాలాను. చౌరస్తాలో రోడ్డుకడ్డంగా రాళ్లు, జెండాలు. అక్కడున్న వాళ్లలో సీతాబాయి మగడు కూడా ఉన్నాడు. ఆటోలోకి తొంగిచూసి, "రాళ్లు తియ్యుండ్రి!" అని అరిచాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తన బండి మీద మా ముందు పోతూ పెద్దాసుపత్రి దాకా దారి ఇప్పించాడు.

"నొప్పి ఎప్పట్నుంచి?" అని డాక్టరు అడిగాడు.

"నిన్నట్నుంచి సార్."

ఓబులమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. సోమవారమని చెప్పొచ్చు. చెప్పలేదు. అప్పుడు కూడా నా పరువే కాపాడింది.

"నిన్న ఉన్నట్టుండి తగ్గిందా?"

"తగ్గింది సార్."

"అపెండిక్స్ అప్పుడే పగిలింది. తగ్గడం కాదది."

ఆపరేషన్ చేశారు. శుక్రవారం పోయింది.

దినం భోజనాల్లో, మెస్సులో తినే విశ్వేశ్వరరావు అన్నాడు: "బంద్ పొట్టన పెట్టుకుందండీ ఆవిణ్ని. దారి ఇవ్వలేదంట గదా?"

అందరూ నా వైపు చూశారు.

"ఔ. దావలోనే నిలబెట్టేసినారు," అన్నాను.

సీతాబాయి సాంబారు వడ్డిస్తోంది. నా మాట విని ఆగింది. తర్వాత నా విస్తట్లో కూడా వడ్డించి, గిన్నె కింద పెట్టి ఇంటికి పోయింది.

వంటకు వేరే మనిషిని పెట్టి మెస్సు నడిపాను. అప్పట్నుంచి సీతాబాయి మగడు మా మెస్సు ముందు పోతుంటే తినే పిల్లలు బంద్ మాటెత్తి ఏదో ఒకటి అనేవాళ్లు. అతను తల వంచుకొని పోయేవాడు. నెల రోజులు చూస్తూ ఊరుకున్నాను. చివరికి సీతాబాయి గుమ్మం ముందు నిలబడి, "తప్పయిపోయిందమ్మా," అన్నాను.

"నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎర్కనే. వాళ్లకు చెప్పు పో." తలుపు వేసుకుంది.

ఆ మధ్యాహ్నం అందరూ కంచాల ముందు కూర్చున్నాక చెప్పాను. వాము, ఆముదం, రాళ్లు తీసిన మనిషి, డాక్టరుకు చెప్పిన అబద్ధం, అన్నీ.

"బాధలో ఉన్నారండీ మీరు," అన్నాడు విశ్వేశ్వరరావు. "ఎవర్నీ ఒక మాట అనలేని మంచి మనసు మీది."

ఒళ్లు మండింది.

"బంద్ ఒక్కరోజే నాయనా. ఆమెకు నొప్పి మూడు రోజులు. సోమవారమే ఈ పొయ్యి ఆర్పి తీసుకుపోయింటే మీరు ఇంకోచోట తినేవాళ్లు. ఆమె బతికేది."

ఎవరూ అన్నం ముట్టలేదు. గోడ అవతల సీతాబాయి గిన్నెలు తోముతున్న చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.