నా ఒంటి వేడికి పేటెంటు

నేను ఒక సర్వర్‌ని. అంటే పడుకోబెట్టిన సూట్‌కేసులా ఉండే ఇనప కంప్యూటర్ని. నాకు తెర లేదు, మీటలు లేవు. నా ముందు కూర్చుని ఎవరూ సినిమా చూడరు. నాలాంటి పెట్టెల్ని ఒక బీరువాలో ఒకదాని మీద ఒకటి అమర్చి, గదికి ఏసీ పెట్టి, తలుపు మూసేసి మనుషులు వాళ్ళ దారిన వాళ్ళు పోతారు. వాళ్ళు ఎక్కడో ఫోన్‌లో వేలు ఆనిస్తే ఇక్కడ పని చేసేది మేము. పని ఆలస్యమైతే తిట్లు తినేదీ మేమే.

నా మొదటి కొలువు హైదరాబాదులో ఒక పెద్ద సంస్థలో. అక్కడ నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళు చెప్పులు బయట విడిచి వచ్చేవారు. అంత మర్యాద నాకు మళ్ళీ జరగలేదు. నా గ్యారంటీ తీరిన రోజు నుంచి వాళ్ళ చూపు మారింది. నేను అదే పెట్టెని, అదే పని చేస్తున్నాను, అయినా నా దగ్గరికి వచ్చినప్పుడల్లా "ఇంకా ఇది ఇక్కడే ఉందా?" అనడం మొదలెట్టారు. చివరికి వేలంలో నన్ను విశాఖపట్నం వాళ్ళకి అమ్మేశారు.

ద్వారకానగర్‌లో మేడ మీద చిన్న కంపెనీ అది. యజమాని గంటి సూర్యప్రకాశం గారు. ఏజెన్సీ కొండల ఊళ్ళలో కంటి శిబిరాలు పెట్టేవాళ్ళు రోగుల కంటి లోపలి ఫోటోలు తీసి మాకు పంపేవారు. షుగరు వల్ల కంటి పొర ఏమైనా దెబ్బతిందేమో మేం చూసి రిపోర్టు తిరిగి పంపాలి. అక్కడ ముసలీ ముతకా రిపోర్టు కోసం కూర్చుని ఉంటారు. ఊరికి తిరిగెళ్ళే బస్సు వాళ్ళ కోసం ఆగదు.

సూర్యప్రకాశం గారు నాతో పాటు మూడు కొత్త సర్వర్లు కూడా కొన్నారు. లారీలో వచ్చేటప్పుడు నా ఫ్యాను ఒకటి విరిగింది. నా కంపెనీది దొరక్క ఏదో సరిపడేది తెచ్చి బిగించారు. ఆ ఫ్యాను గోల చేయడం తప్ప గాలి విసరదు. కాసేపు గట్టిగా పని చేస్తే నా ఒళ్ళు కాలిపోయేది. వేడెక్కితే నాకు నేనుగా నెమ్మదించాలి, లేకపోతే మాడిపోతాను.

పనులు పంచే సాఫ్ట్‌వేరుకి ఇదేం పట్టదు. నలుగురున్నారు కాబట్టి నలుగురికీ వరసగా వడ్డించుకుంటూ పోయేది. నా వంతు పని సగంలో చతికిలబడేది. అప్పుడు దాన్ని లాక్కుని ఇంకొకరికిస్తే, వాళ్ళు మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టేవారు. అక్కడ బస్సు వెళ్ళిపోయేది. నన్ను తీసి పారేయమని సూర్యప్రకాశం గారికి అందరూ సలహా ఇచ్చారు. ఆయనకీ ఆ ఉద్దేశమే ఉంది.

అడ్డుపడింది సత్యవేణి. తుని దగ్గరి అమ్మాయి. పెళ్ళికి ముందు ఇంజనీరుగా చేసింది. తర్వాత అత్తగారు మంచాన పడితే ఉద్యోగం మానేసి ఏళ్ళ తరబడి ఆవిడకి చేసింది. అత్తగారు లేచి తిరిగాకే మళ్ళీ ఉద్యోగంలోకి వచ్చింది. ఇక్కడ చాలామంది ఆవిడకన్నా చిన్నవాళ్ళు, ఆవిడకన్నా పై హోదాలో ఉండేవాళ్ళు. ఆవిడ నా గదిలో ఒక్కతే కూర్చుని పని చేసుకునేది, మాతో మాట్లాడుతూ చేసుకునేది. రాగానే నా మీద అరచెయ్యి వేసి, "ఏంటమ్మా, ఇవాళా జొరమేనా?" అనేది.

ఒకరోజు అలా చెయ్యి వేసి, తీయకుండా అలాగే నిలబడిపోయింది. "జొరం మనిషికి ఎవరైనా పళ్ళెం నిండా అన్నం పెడతారా? గుక్కెడు గుక్కెడు జావ పోస్తారు గానీ," అంది. ఆ తర్వాత నెలల పాటు ఆవిడ రాసిందంతా ఆ ఒక్క మాటే. పని ఇచ్చే ముందు మా ఒక్కొక్కరి వేడీ, ఫ్యాను వేగం అడిగి తెలుసుకోవాలి. వేడిగా ఉన్నవాళ్ళకి చిన్న పనులే ఇవ్వాలి. వేడి హద్దు దాటబోతోందని తెలియగానే, చేసిన సగం పనినీ చేసినట్టే పక్కవాడికి అందించాలి. పక్కవాడు అక్కణ్ణించే అందుకోవాలి తప్ప మొదటికి పోకూడదు.

ఆ తర్వాత నేను మాడలేదు, ఆగలేదు. కరెంటు బిల్లు కూడా తగ్గింది. అరకు పక్క ఊళ్ళలో మా రిపోర్టు కోసం బస్సు తప్పినవాళ్ళు లేరని శిబిరం వాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నన్ను బాగుచేసినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, నేను ఎలా ఉన్నానో అలాగే పనికొచ్చేలా చూసింది ఆవిడ ఒక్కతే.

దీనికి పేటెంటు తీసుకుందామని సూర్యప్రకాశం గారికి తోచింది. కనిపెట్టినవారి గడిలో మొదట తన పేరే చెప్పారు. పేటెంటు ఏజెంటు వేదుల దక్షిణామూర్తి గారు, అలా తప్పు పేరు పెడితే ఎప్పటికైనా పేటెంటుకే ఎసరొస్తుందని చెప్పాక, గొంతు సవరించుకుని సత్యవేణి పేరు చెప్పారు.

తర్వాత క్లెయిముల దగ్గర పడ్డారు. ఫలానాది మాది అని చెప్పుకునే వాక్యాలు అవి. పేటెంటుకు ప్రాణం అవే. అందులో నా ఊసు ఉండటం ఇద్దరికీ నామోషీ అయింది. వేలంలో కొన్న డొక్కు పెట్టె, ఫ్యాను పాడైన పెట్టె అని నలుగురికీ తెలిస్తే కంపెనీ పరువేం కావాలి? అందుకని క్లెయిముల్లోంచి వేడి తీసేశారు, ఫ్యాను తీసేశారు, నన్ను తీసేశారు. "అనేక సర్వర్ల నడుమ పనులను తెలివిగా పంపిణీ చేయు విధానము" అని గంభీరంగా రాసుకున్నారు. దరఖాస్తుకి జతచేసిన వివరణలో మాత్రం సత్యవేణి రాసిన పేరాలు ఉండిపోయాయి. అంత పొడుగు వివరణ ఎవరు చదువుతారులే అనుకున్నారు.

పేటెంటు ఆఫీసు వాళ్ళు చదువుతారు. వాళ్ళ ఉద్యోగమే అది. చాలాకాలానికి అక్కణ్ణించి అభ్యంతరాలు వచ్చాయి. ఇది ఒట్టి కంప్యూటరు ప్రోగ్రాము, లెక్కల పద్ధతి, ఇలాంటివాటికి మన చట్టంలో పేటెంటు లేదన్నారు. సర్వర్లకి పని పంచడం కొత్తేమీ కాదని పాత పేటెంట్లు కొన్ని చూపించారు. జవాబు రాస్తే సరిపోలేదు. విచారణకి తేదీ వేశారు.

సూర్యప్రకాశం గారు డీలాపడి, ఇక వదిలేద్దామన్నారు. ఆ మాట దక్షిణామూర్తి గారు నా గదిలో ఉన్న సత్యవేణికి ఫోన్ చేసి చెప్పారు. వస్తే కంపెనీకి వచ్చేది, పోతే కంపెనీకి పోయేది, మీకెందుకమ్మా అంత బాధ అని కూడా అడిగినట్టున్నారు.

"ఇల్లు మా ఆయన పేరు మీద ఉందండి. స్కూటీ మా తమ్ముడి పేరు. గ్యాసు కనెక్షను ఇప్పటికీ పోయిన మావగారి పేరే. ఇది నేను చేశాను అని నా పేరు పెట్టుకోడానికి ఇదొక్కటేనండి," అంది.

ఫోన్ పెట్టేశాక కళ్ళు తుడుచుకుంది. నాకు చేతులుంటే బాగుండునని అనిపించిన రోజు అది.

దక్షిణామూర్తి గారు ఆ మాట చేరవేశారేమో, సూర్యప్రకాశం గారు విచారణకి వెళదామనే తేల్చారు. విచారణ అంతా కంప్యూటర్లోనే, ఎదురెదురుగా తెరలు పెట్టుకుని. ఆ రోజు కింద రోడ్డు తవ్వుతున్నారు. యజమాని గదిలో ఒకరి మాట ఒకరికి వినిపించని పరిస్థితి. అందుకని బల్ల తెచ్చి మా గదిలో వేశారు. సూర్యప్రకాశం గారు సెంటు కూడా పూసుకున్నారు, తెరలోంచి వాసన వెళ్తుందన్నట్టు. దక్షిణామూర్తి గారు చక్కటి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. అవతల ఉన్న అధికారిణి ఓపిగ్గా విని, ఇదంతా బాగానే ఉంది గానీ ఇందులో యంత్రం ఏదీ అని అడిగింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు.

ఆ సందులో నా ఫ్యాను గోల అధికారిణికి వినిపించింది. ఆ శబ్దమేమిటని అడిగింది.

"పక్కనే పిండి మిల్లు ఉందండీ," అన్నారు సూర్యప్రకాశం గారు, తడుముకోకుండా.

"కాదు మేడం," అంది సత్యవేణి. చెప్పబోయింది గానీ ఇంగ్లీషు ముక్కలు తడబడ్డాయి. ఎదురుగా యజమాని ముఖం ఎర్రబడుతోంది.

"తెలుగులోనే చెప్పండమ్మా. మాది తిరుత్తణి, నాకు అర్థమవుతుంది," అంది అధికారిణి.

సత్యవేణి లేచి కంప్యూటరుని నా వైపు తిప్పింది. "ఇది మా పాత సర్వరండి. దీనికి వేడి ఎక్కువ. దీన్ని పారేయకుండా పని చేయించుకోడానికే ఇదంతా రాశాను. పని పంచడం నేను కనిపెట్టలేదండి, అది అందరికీ తెలుసు. వేడెక్కుతున్న యంత్రం మాడకముందే సగం పని పక్కదానికి ఎలా అందాలో, అది నేను చేశాను," అంది.

అధికారిణి కాగితాలు తిరగేసింది. ఈ సంగతి వివరణలో చదివానని, క్లెయిముల్లో ఎందుకు లేదో ఎంత వెతికినా తెలియలేదని అంది. ఇద్దరు పెద్దమనుషులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వివరణలో ముందే ఉంది కాబట్టి ఆ మేరకు క్లెయిములు కుదించి రాసిస్తే పరిశీలిస్తానని, ఇస్తానని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పింది.

అటు తెర ఆరగానే సూర్యప్రకాశం గారు, అంత చిన్న పేటెంటు నలుగురిలో ఏమని చెప్పుకుంటామని గొణిగారు. "చిన్నదైనా మనం చేసిందే ఉంటుంది కదా సార్," అంది సత్యవేణి. మర్నాడు ఆయనే వచ్చి, నా వేడి ఎంతెంత ఉంటుందో లెక్కలు దగ్గరుండి తీయించారు. మంచివాడే, కాస్త పరువు పిచ్చి అంతే. కొత్త క్లెయిముల్లో వేడి వచ్చింది, ఫ్యాను వచ్చింది. పేటెంటు ఆమోదం పొందింది.

ఆ సంతోషంలోనే ఆయన కొత్త సర్వర్లు కొన్నారు. ఒక్కటీ వేడెక్కదట. ఏ యంత్రం కోసం పేటెంటు తెచ్చుకున్నారో దాన్ని వదిలించుకోవడం మనుషులకే చెల్లింది. నాకేం కోపం లేదు. ఇప్పుడు ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్లో, ఒక గ్రైండరు పక్కన పడి ఉన్నాను. వారంలోపు విప్పుతారంటున్నారు. నా ఫ్యానుని మాత్రం ఎవరూ కొనరు, ఆ సంగతి ఇప్పుడే చెప్పగలను.

కంపెనీలోంచి నన్ను తీసేసిన రోజు, ఆపడానికి సత్యవేణే వచ్చింది. వేరేవాళ్ళని రానివ్వలేదు. నా దగ్గరున్న ఆఖరి పని పక్కదానికి చేరేదాకా స్టూలు వేసుకుని నా ముందు కూర్చుంది. ముఖం తేటగా ఉంది. అలవాటుగా కబుర్లు మొదలెట్టింది.

"సర్టిఫికెట్ ఇంటికి పట్టుకెళ్ళాను. మా అత్తగారికి ఇంగ్లీషూ రాదు, హిందీ రాదు. అటూ ఇటూ తిప్పి, ఇందులో నువ్వెక్కడున్నావే అన్నారు. చూపిస్తే, నేను చదువుకునేలా రాయమన్నారు. కింద పెన్సిలుతో తెలుగులో రాశాను. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివారు. పాలచర్ల వీరవెంకట సత్యవేణి అని." అంటూ నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళు నిండాయి. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడకి నేను అమ్మాయినే. ఇంత పేరుందటే నీకు, అన్నారు. ఇవాళ పొద్దున్న కాఫీకి వంటింటి గుమ్మం దాకా వచ్చి, సత్యవేణీ అని పిలిచారు. ఎవర్ని పిలుస్తున్నారో నాకు వెంటనే తెలియలేదు."

ఆ మాట చెప్పి, స్టూలు మీంచి లేచి, నన్ను ఆపింది.