పూజపీట మీది రివాల్వర్

పసుపు గుడ్డ విప్పి, రివాల్వర్ గొట్టాన్ని ఎడమచేత్తో పట్టుకుని కిందికి వంచబోయాడు మొగులయ్య. అది వంగలేదు. తన చేతికి ఎన్నో ఏళ్లుగా అలవాటైన కీలు అది. బొటనవేలితో మీట నొక్కితే చాలు, పాత గొడుగులా కిర్రుమంటూ మధ్యలోకి తెరుచుకునేది. మళ్లీ నొక్కాడు. మీట కదలనే లేదు. కిటికీ వెలుగులో పెట్టి చూస్తే అది మీట కాదు, మీట ఆకారంలో పోతపోసిన లోహపు బుడిపె. గొట్టంలోకి తొంగి చూశాడు. లోపల అంగుళం లోతున సీసంతో మూసేసి ఉంది.

తన చేతిలో ఉన్నది సినిమావాళ్ల ఉత్తుత్తి తుపాకి. అంటే తనది, లోపల తూటాతో సహా, సినిమావాళ్ల దగ్గర ఉంది.

పొరపాటు ఎలా జరిగిందో ఎవరూ విడమరిచి చెప్పవలసిన పని లేదు. మొదటినుంచి చివరిదాకా చేసింది తనే.

లక్డారం శివార్లలో, మూతపడిన ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి మొగులయ్యది. రెండు నెలలుగా దాన్ని ఒక సినిమా బృందం కిరాయికి తీసుకుంది. అరవై ఏళ్ల నాటి నలుపు తెలుపు డిటెక్టివ్ సినిమా ఒకదాన్ని వాళ్లు మళ్లీ తీస్తున్నారు. ఆ పాత చిత్రంలో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క ఆయుధం ఉండేదట. డిటెక్టివ్‌ది కోటు జేబులో ఇమిడిపోయే పొట్టి రివాల్వర్. దొంగ బంగారం వ్యాపారిది ఏనుగుదంతం పిడి ఉన్న వెండిరంగు పిస్తోలు. దాన్ని అతను ఎప్పుడూ కాల్చడు, బల్ల మీద పెట్టి మాట్లాడతాడు, అంతే. డిటెక్టివ్ భాగస్వామిని చంపిన ఆయుధం మాత్రం యుద్ధకాలం నాటి బరువైన పాత రివాల్వర్. ఈ వివరాలన్నీ అతనికి చెప్పింది సునంద. ఆయుధాల నకళ్లు చేయించి, వాటిని భద్రపరిచే బాధ్యత ఆమెది. ఆమె తండ్రి ఇక్కడి ప్రభుత్వరంగ కర్మాగారంలో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డాడు. ఆమె మాటలో ఆ యాస ఇంకా పోలేదు. పాత సినిమాల్లో మనిషి మొహం కంటే ముందు అతని తుపాకిని చూపిస్తారనీ, దాన్నిబట్టే ప్రేక్షకుడు మనిషిని అంచనా వేసుకుంటాడనీ ఆమె అనేది.

యుద్ధకాలం నాటి రివాల్వర్ ఎలా ఉంటుందో చూడాలని ఆమె అనగానే మొగులయ్య గర్వంగా తన ఇనప్పెట్టె తెరిచాడు. ఊరి పెత్తనం చేతిలో ఉండి పటేలుగిరీ నడిచిన రోజుల్లో తాతకు వచ్చి, తండ్రి చేతుల మీదుగా తనకు దక్కిన ఆయుధం అది. ఊళ్లో లైసెన్సున్న రివాల్వర్ అదొక్కటే. సునంద దాన్ని అన్ని వైపులనుంచీ ఫోటోలు తీసుకుని, కొలతలు రాసుకుని, పటాన్‌చెరులోని ఒక చిన్న ఫౌండ్రీలో నకలు పోయించింది. పిడి మూల కొద్దిగా చిట్లిన చోటును కూడా వదలలేదు. బరువు సరిపోయేలా లోపల సీసం నింపింది. సుత్తి వెనక్కి లేచేలా, చక్రం తిరిగేలా, ట్రిగ్గర్ కదిలేలా చేయించింది. అసలూ నకలూ పక్కపక్కన పెట్టిన రోజున మొగులయ్య నవ్వి, తనకిప్పుడు కవల పిల్లలని చెప్పాడు.

వానకాలంలో మొగులయ్య తల్లి పోయింది. యేడాది తిరిగేదాకా ఆ ఇంట్లో పండుగ లేదు. గుమ్మానికి మామిడాకులు కట్టరు, ఆయుధపూజ చెయ్యరు. మనుషులకు పండుగ లేకపోవడం అతనికి పెద్ద కష్టమనిపించలేదు గాని, తాతనాటి నుంచి ఒక్క దసరా కూడా తప్పని రివాల్వర్‌కు ఈసారి పూజ తప్పడం మనసుకు పట్టలేదు. మనిషికి మైల గాని ఇనుముకు మైలేందని తనకు తానే ఒక తీర్పు చెప్పుకున్నాడు. నవమినాటి సాయంత్రం షెడ్డులో సినిమావాళ్లు కెమెరాలకూ లైట్లకూ జనరేటర్‌కూ బొట్లు పెట్టి, తుపాకులన్నిటినీ పీట మీద పేర్చి, గుమ్మడికాయ కొట్టడానికి బయటికి వెళ్లినప్పుడు, మొగులయ్య తన రివాల్వర్‌ను తీసి చివరి వరుసలో, బంతిపూల కింద పెట్టి వచ్చాడు. అందులో ఒక తూటా ఉంచాడు. ఖాళీ ఆయుధానికి పూజ చెయ్యరాదన్నది అతని తండ్రి పెట్టిన నియమం. పూజలో పెట్టినదాన్ని మర్నాటిదాకా కదిలించకూడదన్నది మరో నియమం.

ఈ ఉదయం బృందం రాకముందే వెళ్లి, మసక వెలుతురులో కుంకుమా పూలరేకులూ అంటుకున్న ఒక కవలను గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాడు. లెక్కకు అక్కడ ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి. సునందకు అనుమానం రావడానికి కారణమే లేదు.

ఈ రోజు తీసేది హత్య దృశ్యం. విజయదశమినాడు ముఖ్యమైన ఘట్టం తీస్తే కలిసివస్తుందని దర్శకుడు నర్సింగ్ పట్టుబట్టాడు. కాల్చేది కథానాయిక వేషం వేస్తున్న తేజస్విని. కాల్పులకు బలయ్యేది డిటెక్టివ్ భాగస్వామిగా నటిస్తున్న ప్రవీణ్‌కుమార్.

ఫోన్ చేశాడు. సునంద ఫోన్ మోగలేదు. సెట్టు మీద అందరి ఫోన్లూ ఆపించి సంచిలో వేయిస్తారని గుర్తొచ్చింది. లేచి బండి తాళం తీసుకున్నాడు. వంటింట్లోంచి భార్య మల్లమ్మ తలుపు దాకా వచ్చింది.

"పండుగ లేనింట్ల పొద్దుగాల పోయింది సాలదా? మల్ల షెడ్డు కాడ ఏం కొలువు పెట్టిన్రు నీకు?"

"సామాను మర్సిపోయిన. జల్దీ వస్త," అన్నాడు.

దారిపొడవునా కంకర క్రషర్ల టిప్పర్లు బంతిదండలతో, అద్దాల మీద గంధపు గీతలతో ఆగి ఉన్నాయి. పగిలిన గుమ్మడికాయల మీదుగా బండి రెండుసార్లు జారబోయింది. నడుముకు చెక్కుకున్న నకలు పొట్టకు గుచ్చుకుంటోంది. ఎవరికీ తెలియకుండా ఎలా మార్చాలన్న ఆలోచనే అతని బుర్రలో తిరుగుతోంది. సునందను పక్కకు పిలవాలి. బొట్టు సరిగా తుడవలేదనో, పిడి మళ్లీ ఒకసారి చూడాలనో ఏదో ఒకటి చెప్పి దాన్ని చేతిలోకి తీసుకోవాలి. ఒక్క క్షణం అటు తిరిగితే చాలు. తూటా నింపిన రివాల్వర్‌ను పరాయివాళ్ల మధ్య రాత్రంతా వదిలేశాడని పోలీసులకు తెలిస్తే, లైసెన్సు ఒక్కటే పోదు. తాతనూ తండ్రినీ పటేలని పిలిచిన ఊరు తనను ఏ పేరుతో పిలుస్తుందో ఊహించడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

షెడ్డు తలుపు పైన ఎర్రబల్బు వెలుగుతోంది. తలుపు ముందు బీహారీ కాపలాదారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అంకుల్, లాల్ బత్తీ. షాట్ చల్ రహా హై," లోపల షాటు నడుస్తోందన్నాడు లేవకుండానే.

షెడ్డు తనదనీ, లోపల సామాను మరిచిపోయాననీ మొగులయ్య చెప్పాడు. షెడ్డు ఆయనదేనని తనకూ తెలుసనీ, బల్బు వెలిగినప్పుడు మాలిక్‌నైనా పంపొద్దని నర్సింగ్ సార్ చెప్పాడనీ కాపలాదారు మర్యాదగానే జవాబిచ్చాడు. పండుగ పూట మిఠాయి తెచ్చావా అని వేళాకోళం కూడా ఆడాడు.

రేకుగోడ అవతలనుంచి నర్సింగ్ గొంతు స్పష్టంగా వినిపించింది. యాక్షన్ అన్నాడు. తేజస్విని మాట, దాని వెనకే ప్రవీణ్‌కుమార్ నవ్వు. ఆ తర్వాత నిశ్శబ్దం.

టక్.

కట్ అన్నాడు నర్సింగ్. మొగులయ్య చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చక్రంలో ఆరు గదులు, తూటా ఒక్క దానిలో. ఏ గదిలో పెట్టాడో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఇప్పుడు బల్బు ఆరుతుంది, లోపలికి వెళ్లవచ్చు అనుకున్నాడు. బల్బు ఆరలేదు. వెంటనే మరో టేకుకు సిద్ధం కమ్మని లోపల ఎవరో అరుస్తున్నారు. తలుపు అతనికి మూరెడు దూరంలో ఉంది. కాపలాదారును నెట్టేయడానికి పెద్ద బలం అక్కర్లేదు. నెట్టి లోపలికి వెళ్తే అందరి ముందూ చెప్పవలసి వస్తుంది. ఈ ఒక్కటీ అయిపోనీ, మధ్యలో సునంద బయటికి రాకపోతుందా అని మనసు ఆశపెట్టింది.

మళ్లీ యాక్షన్. మళ్లీ ఆ మాట, ఆ నవ్వు, ఆ నిశ్శబ్దం.

ఈసారి చప్పుడు కొంచెం మందంగా వినిపించింది. తుపాకి మాత్రం పేలలేదు. మొగులయ్య తలుపు కమ్మీని పట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ ఇదెందుకో గట్టిగా ఉందండీ, వేలు నొప్పెడుతోంది," అని తేజస్విని లోపల ఫిర్యాదు చేస్తోంది.

"గట్టిగుంటెనే మొహంల కోపం మంచిగొస్తుంది," అన్నాడు నర్సింగ్. "ఈసారి దూరం నుంచి కాదమ్మా. దగ్గరికి పో. గొట్టం గుండెకు ఆనించి నొక్కు."

మొగులయ్య కాపలాదారు భుజాన్ని తోసి తలుపును కాలితో తన్నాడు.

లోపల లైట్ల వేడి, అగరుబత్తి వాసన. నల్ల కోటు వేసుకున్న ప్రవీణ్‌కుమార్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తేజస్విని చేతిలోని గొట్టం అతని ఛాతీకి తగులుతోంది. ఆమె వేలు ట్రిగ్గర్ మీదే ఉంది.

"నొక్కకు బిడ్డా," అన్నాడు మొగులయ్య. అనుకున్నదానికన్నా చిన్నగా వచ్చింది గొంతు. "అది నాది. అండ్ల తూటా ఉన్నది."

నర్సింగ్ కుర్చీలోంచి లేచి, షాటు పాడుచేసింది ఎవరని మండిపడ్డాడు. ప్రవీణ్‌కుమార్ గుండె మీది గొట్టాన్ని చూసి నవ్వాడు.

"బాబాయ్ డైలాగ్ మన రైటర్ రాసినదానికన్నా బాగుంది. ఉంచేద్దామండీ."

సునంద నవ్వలేదు. మొగులయ్య నడుములోంచి బయటికి తీసిన నకలును ఆమె చూసింది. తేజస్విని వెనకనుంచి మెల్లగా వచ్చి, ఆమె మణికట్టును పట్టుకుని నేల వైపు దించింది. ట్రిగ్గర్ మీదినుంచి వేలు తీయమని చెవిలో చెప్పినట్టు చెప్పి, రివాల్వర్‌ను తన చేతిలోకి తీసుకుంది. అందరినీ దూరంగా జరగమంది. మీట నొక్కి గొట్టాన్ని వంచింది. కిర్రుమంటూ అది మధ్యలోకి తెరుచుకుంది. చక్రంలోంచి ఇత్తడి తూటా ఒకటి సగం పైకి లేచింది.

ప్రవీణ్‌కుమార్ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కాని అది ఇప్పుడు నవ్వులా లేదు.

సునంద తూటాను తీసి లైటు కింద తిప్పి చూసింది. దాని అడుగును చూసినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. అడుగు మధ్యలో, ఆవగింజంత లోతుగా, కొత్త నొక్కు మెరుస్తోంది.

"ఇది ఎప్పటిదండీ మొగులయ్యగారూ?"

"మా నాయిన కొన్నది."

"మందు చచ్చిపోయింది," అందామె. "సుత్తి దీన్ని కొట్టేసింది. కొట్టినా అంటుకోలేదు, అంతే."

"ఎప్పుడు?" అన్నాడు ప్రవీణ్‌కుమార్.

జవాబు తేజస్విని నుంచి వచ్చింది. రెండోసారి నొక్కినప్పుడు చప్పుడు వేరుగా వచ్చిందని చెప్పింది. చెబుతూ తన అరచేతిని చీరకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. మాట పూర్తిచేయకుండానే నేల మీద కూర్చుండిపోయింది.

నర్సింగ్ అందరికంటే ముందు తేరుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు గనుక, పండుగ పూట ఈ సంగతి ఈ గోడలు దాటి వెళ్లకూడదన్నాడు. బృందానికీ మంచిది కాదు, మొగులన్నకూ మంచిది కాదన్నాడు. ఎవరూ కాదనలేదు. మొగులయ్య దారిపొడవునా దేని కోసం తపించాడో అది అడగకుండానే అతని చేతిలోకి వచ్చింది.

ప్రవీణ్‌కుమార్ మెల్లగా నడిచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

"గుండెకు ఆనించి తీస్తూ పోయి, చక్రం తిరిగొచ్చి మళ్లీ దాని మీదే కొట్టి ఉంటే పేలేదేమో, ఎవరు చెప్పగలరు. మీరు పరిగెత్తుకొచ్చారు కాబట్టి బతికాను బాబాయ్. మా పిల్లలకు మీ పేరు చెబుతాను."

మొగులయ్య ఆ చేతుల వైపు చూశాడు. తల ఊపితే సరిపోతుంది. తలుపు బయట తను ఎంతసేపు నిలబడ్డాడో తెలిసినవాడు ఆ కాపలాదారు ఒక్కడే, అతనికి తెలుగు రాదు.

"రెండో పారి గుడ నేను తలుపు కాడ్నే ఉన్న," అన్నాడు.

ప్రవీణ్‌కుమార్‌కు అర్థం కాలేదు.

"మొదటి పారి గుడ. అన్నీ ఇనవడ్డయి. లోపటికి రాలే. లైసెన్సు పోతదని సూసుకుంట నిలవడ్డ."

ప్రవీణ్‌కుమార్ చేతులు వెంటనే విడిపోలేదు. పట్టు ముందు వదులైంది, ఆ తర్వాత వేళ్లు ఒక్కొక్కటిగా జారాయి. అతను వెళ్లి, తేజస్విని పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మొగులయ్య సునంద దగ్గరికి వెళ్లాడు. రివాల్వర్ కోసం చెయ్యి చాపలేదు.

"తమంచా, తూటా నీ కాడ్నే ఉంచు బిడ్డా," అన్నాడు. "పటాన్‌చెరు ఠాణాకు పోదాం నడువు. నీ చేతులకెంచే ఇయ్యాలె. నా చేతికొస్తే తొవ్వల నా మనసు మల్ల ఏమంటదో నాకే ఎర్కలేదు."

సునంద తూటాను ఒక గుడ్డలో, తెరిచిన రివాల్వర్‌ను మరో గుడ్డలో చుట్టింది. తలుపు తెరిచేసరికి కాపలాదారు లేచి నిలబడి, సామాను దొరికిందా అంకుల్ అని హిందీలో అడిగాడు. దొరికిందని చెప్పి, మొగులయ్య ఆమె వెంట కారు వైపు నడిచాడు.