మామయ్య బల్ల తట్టారు

మా మామయ్యకి జాలి ఎక్కువ. ఆ జాలితోనే నన్ను చంపుకు తిన్నారు.

పెళ్ళయిన కొత్తల్లో నాకు చదరంగం నేర్పింది ఆయనే. మా ఆయన బల్ల చూస్తేనే ఆవలిస్తాడు మరి! మామయ్యది గడియారాలు బాగుచేసే పని, ఓపిక పుట్టెడు. నేను తప్పు ఎత్తు వేస్తే చాలు, "ఆలోచించుకో తల్లీ" అనేవారు. మా ఇంట్లో ఒక పద్ధతుంది. వేసిన ఎత్తు వెనక్కి తీసుకోవాలంటే బల్లను రెండు వేళ్ళతో తట్టాలి. తట్టి తట్టి నా వేళ్ళు అరిగాయి. ఆయన మాత్రం ఒక్కసారీ తట్టిన పాపాన పోలేదు.

ఈసారి క్లబ్బు పోటీల్లో మా ఇద్దరికే ఆట పడింది. రేటింగులో మాకు నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. పొద్దున్నే చెప్పేశాను.

"మామయ్యా, కోడలు కదా అని వదిలేశారో, ఈ జన్మలో మీతో ఆడను."

"నేనెందుకు వదుల్తానమ్మా?" అన్నారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

నాకు నమ్మకం కుదరలేదు. ఓడినా ఫరవాలేదు, ఒక్కసారి నన్ను ఆటగత్తెలా చూస్తే చాలు.

ఆట మధ్యలో ఆయన గుర్రాన్ని దూకించి గడియారం నొక్కారు. చూద్దును కదా, ఆయన ఏనుగుకి ఇక కాపలా లేదు! ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ దానధర్మాలా? కడిగేద్దామని తలెత్తాను.

టక్ టక్.

మామయ్య బల్ల తట్టారు. చూపు ఏనుగు మీదే ఉంది, చెవులు ఎర్రబడ్డాయి. తట్టిన సంగతి ఆయనకే తెలియదు. రిఫరీ ఏమిటన్నట్టు చూశాడు. హాలు మొత్తంలో ఆ చప్పుడు అర్థమైంది నాకొక్కదానికే. మామయ్యకి నటించడం రాదు, చిన్న అబద్ధమాడినా నవ్వొచ్చేస్తుంది. ఇప్పుడు నవ్వు లేదు. నిజంగానే పొరబడ్డారు. నిజంగానే గెలవాలనుకున్నారు, నా మీద!

నా కళ్ళు చెమర్చాయి. అయినా పోటీలో వేసిన ఎత్తు వేసినట్టే. ఏనుగును తీసేశాను. ఆ తర్వాత కూడా ఆయన ఊరికే లొంగలేదు, చెమటలు పట్టించి మరీ ఓడారు.

ఇంటిదాకా ముఖం మాడ్చుకునే నడిచారు. ఆ ముఖం చూస్తుంటే నాకెంత సంతోషమో!

సాయంత్రం ఆయనే మళ్ళీ బల్ల వేశారు. కాసేపటికే నేను మంత్రిని తీసుకెళ్ళి ఆయన బంటు నోట్లో పెట్టాను. అలవాటుగా రెండు వేళ్ళతో తట్టాను.

మామయ్య నా చేతిని మెల్లగా పక్కకు జరిపారు.

"అవన్నీ ఇంక కుదరవు తల్లీ," అని నా మంత్రిని తీసేసుకున్నారు.